నాలుగో చక్రం ఎందుకు వచ్చింది? – క్వాడ్ బైకుల చరిత్ర, కొనబోయేవారికి నాలుగు మాటలు



వస్తువుల పేర్లలో వాటి చరిత్ర దాగి ఉంటుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో ‘క్వాడ్ బైకు’ అని, అమెరికాలో ‘ఏటీవీ’ అని, అక్కడి పల్లెటూళ్ళలో ‘ఫోర్ వీలర్’ అని పిలువబడే బండిని మీలో చాలామంది చూసే ఉంటారు. గుర్రపు జీను వంటి ఆసనం, మోటారు సైకిలు వంటి హ్యాండిలు, బుడగల వంటి నాలుగు లావుపాటి టైర్లు. ‘క్వాడ్’ అన్నది నాలుగును చెప్పే లాటిను మాట నుండి పుట్టింది. అది మన సంస్కృత ‘చతుర్’ శబ్దానికి దాయాది. కనుక దీనిని ‘చతుశ్చక్రిక’ అంటే వైయాకరణులెవరూ ఆక్షేపించరు. రేఫము విసర్గమై, చకారం పరమైనప్పుడు శకారంగా మారడం మన చదువరులకు తెలిసినదే.

అయితే ఇక్కడొక ప్రశ్న ఉంది. కారుకు నాలుగు చక్రాలున్నాయి. అయినా దానిని ‘నాలుగు చక్రాల కారు’ అని ఎవరూ అనరు. ఈ బండి మాత్రం తన చక్రాల సంఖ్యను పేరులోనే చాటుకొంటున్నది. బైకుకు రెండే గనుక అన్నది సగం సమాధానం. తక్కిన సగం అమెరికా పల్లెజనం వాడే ‘ఫోర్ వీలర్’ అన్న మాటలో ఉంది. నాలుగు చక్రాలదానికంటె ముందు మూడు చక్రాలది ఒకటి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు వైభవంగా వెలిగింది. ఆ తరువాత న్యాయస్థానం సాక్షిగా అంగళ్ళనుండి తప్పుకొన్నది. ఆ కథ తెలియకుండా ఈ రోజు ఏ కుటుంబమూ క్వాడ్ బైకు కొనరాదని నా అభిప్రాయం.

బాలవ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి ఈ యంత్రాల గొడవ ఏమిటని మిత్రులు అడుగవచ్చు. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి కుటుంబం వారాంతపు విహారాలకు ఒక క్వాడ్ బైకు కొనాలని కొంతకాలంగా తర్జనభర్జన పడుతున్నది. పదేళ్ళ మనవడు ఫోనులో “తాతయ్యా, నువ్వు చెప్తే అమ్మ వింటుంది” అని నన్ను వకీలుగా నియమించుకొన్నాడు. వకాలతు పుచ్చుకొన్నవాడు వ్యాజ్యం పూర్వాపరాలు చదువుకోవాలి కదా. అలా చదివినదే ఈ టపా.

తొలి రూపం

1960లలో కెనడాలో ‘జిగర్’ అనే ఒక ఆరు చక్రాల బండి వచ్చింది. నేల మీదనే గాక నీటి మీద కూడా పోగల ఉభయచరం అది. దాని వెనుకనే అటువంటివి మరికొన్ని వచ్చాయి. గాలి తక్కువగా నింపిన లావు టైర్లు వేస్తే బురదలోను మంచులోను బండి కూరుకుపోదన్న సంగతి వీటివల్ల లోకానికి తెలిసింది. ఇదేమీ మనకు తెలియని సూత్రం కాదు. ఇసుకనేల మీద గుర్రం డెక్క దిగబడుతుంది. ఒంటె పాదం దిగబడదు. బరువు ఎక్కువ చోటు మీద పరచుకొంటే నేల దానిని మోస్తుంది.

1967లో హోండా కంపెనీ అమెరికా శాఖకు ఒక ఇబ్బంది ఎదురైంది. శీతకాలం వచ్చేసరికి మోటారు సైకిళ్ళు కొనేవారుండరు. డీలర్లు ఖాళీగా కూర్చోవాలి. మంచులోనూ అమ్ముడుపోయే బండి ఏదైనా చేసి ఇవ్వండని వారు జపానులోని తమ పరిశోధన విభాగాన్ని కోరారు. ఆ పని ఒసాము తకెఉచి అనే ఇంజనీరుకు అప్పగింపబడింది. ఆయన బృందం రెండు మొదలు ఆరు వరకు రకరకాల సంఖ్యల చక్రాలతో నమూనాలు చేసి చూసింది. చివరకు మూడు దగ్గర ఆగింది. మంచులోను బురదలోను తేలికగా తిరగడానికి, చిన్న ఇంజను శక్తి చాలడానికి మూడు చక్రాలే అనువని వారు తేల్చారు.

అలా 1970లో ‘యూఎస్90’ అన్న పేరుతో వచ్చిన బండే తరువాత ‘ఏటీసీ90’గా ప్రసిద్ధికెక్కింది. 89 సీసీల ఇంజను, ఏడు అశ్వాల శక్తి, 595 డాలర్ల వెల. దానికి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఏమీ లేవు. 22 అంగుళాల బుడగ టైర్లలో చదరపు అంగుళానికి రమారమి రెండు పౌన్ల ఒత్తిడితో నింపిన గాలి ఒక్కటే కుదుపులను మ్రింగేది. కారు టైరులో ఈ ఒత్తిడి ముప్ఫై పౌన్లదాకా ఉంటుందని గుర్తు తెచ్చుకొంటే ఆ మెత్తదనం ఎంతటిదో ఊహించవచ్చు. హ్యాండిలును ఊడదీసి బండిని కారు వెనుక పడవేసుకొని పోయే వీలుండేది. 1971లో విడుదలైన ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ చిత్రంలో జేమ్స్ బాండు ఈ బండినెక్కి ఎడారిలో పరుగులు తీశాడు. ఇంతకంటె ప్రచారం వేరే కావాలా? 1973 నాటికి పిల్లల కొలతకు తగిన ఏటీసీ70 కూడా వచ్చింది. వినోదానికని పుట్టిన బండిని క్రమంగా వేటగాళ్ళు, పశువుల కాపరులు, రైతులు పనికి కూడా వాడుకొన్నారు.

ముక్కాలి పీట రహస్యం

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేలమీద కూడా కదలకుండా నిలుస్తుంది. నాలుగు కాళ్ళ పీట అయితే ఒక కాలు పైకి లేచి టకటకలాడుతుంది. మరి మూడు చక్రాల బండే భద్రం కావాలి కదా? కాదు. నిలకడ వేరు, తిరగబడకపోవడం వేరు. ముక్కాలి పీట మీద నడుమ కూర్చున్నంతసేపు మహారాజే. రెండు కాళ్ళ మధ్య ఖాళీ ఉన్న వైపుకు ఒరిగితే నేలమీద పడతాడు. మూడు చక్రాల బండిలో ఆ ఖాళీలు సరిగ్గా ముందు భాగంలో కుడి ఎడమలందు ఉన్నాయి. పల్లం దిగుతూ బ్రేకు వేసి మలుపు తిప్పితే బరువంతా ముందుకు, పక్కకు వస్తుంది. అక్కడ దానిని మోయడానికి చక్రం లేదు.

దీనికి తోడు మరొకటి. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకు కారు ఇరుసులో డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరిక ఉంటుంది. ఈ బండి వెనుక ఇరుసు మాత్రం ఒకే కడ్డీ. రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. కనుక హ్యాండిలు తిప్పినా బండి నేరుగానే పోవాలని చూస్తుంది. నడిపేవాడు మలుపు వైపుకు ఒళ్ళు వంచాలి. అదే సమయంలో బయటి వైపు పాదం మీద బరువు మోపి, లోపలి చక్రాన్ని తేలికపరచి జారనివ్వాలి. అంటే నడిపేవాని దేహమే ఆ యంత్రంలో ఒక భాగం. ఎడ్లబండి తోలేవాడు నొగ మీద ముందుకు వెనుకకు జరిగి బరువు సరిచూసుకొనేవాడు. అటువంటి విద్యే ఇది. కాకపోతే ఎడ్లకు తమ ప్రాణం మీద తీపి ఉంటుంది. ఇంజనుకు ఉండదు.

చూడటానికి ఇది పిల్లల మూడు చక్రాల సైకిలును పోలి ఉంటుంది. ప్రమాదమంతా ఆ పోలికలోనే ఉంది. మోటారు సైకిలును చూసి భయపడే తల్లి దీనిని చూసి భయపడదు. దూరపు కొండలు నునుపు.

1988 నాటి ఒడంబడిక

1980ల ఆరంభానికి అమెరికాలో ఈ బళ్ళు లక్షల సంఖ్యలో అమ్ముడుపోసాగాయి. వేగమూ పెరిగింది. 1981లో హోండా ఏటీసీ250ఆర్ అనే పందెపు బండిని దించింది. నాలుగో చక్రం ఆ తరుణంలో రంగప్రవేశం చేసింది. 1982లో సుజుకీ కంపెనీ ‘క్వాడ్‌రన్నర్’ ఎల్‌టీ125ను తెచ్చింది. పెద్ద యెత్తున తయారై అమ్ముడైన తొలి నాలుగు చక్రాల ఏటీవీగా దీనినే చెప్పుకొంటారు. 1984లో హోండా కూడా నాలుగు చక్రాలకు వచ్చింది. 1985లో పొలారిస్ అనే అమెరికా కంపెనీ గేర్లు మార్చనక్కరలేని ‘ట్రెయిల్ బాస్’ను తెచ్చింది. 1986లో హోండా నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండిని విడుదల చేసింది. నాలుగో చక్రం వచ్చేనాటికే వ్యవహారం చేయి దాటింది. ఆసుపత్రులకు వచ్చే క్షతగాత్రుల సంఖ్య ఏటికేడు పెరిగింది. మరణాలు వందలలోకి చేరాయి. మృతులలో దాదాపు సగం మంది పదహారేళ్ళు నిండనివారు.

అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే కమిషన్ ఒకటి ఉంది. అది 1985లో ఈ విషయంపై విచారణ మొదలుపెట్టింది. కంపెనీలవారి వాదం ఒక్కటే. బండిలో దోషం లేదు, నడిపేవారు శిరస్త్రాణం పెట్టుకోరు, మద్యం పుచ్చుకొంటారు, ఒకరు ఎక్కవలసిన బండిపై ఇద్దరెక్కుతారు, పెద్దల బండిని పిల్లలకిస్తారు. ఇందులో అబద్ధం లేదు. కాని పూర్తి సత్యమూ లేదు. ఇంత నేర్పు కావలసిన యంత్రాన్ని ఆటవస్తువుగా ప్రకటించి అమ్మినది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది.

1987 డిసెంబరులో ప్రభుత్వం న్యాయస్థానానికి వెళ్ళింది. 1988 ఏప్రిల్‌లో హోండా, యమహా, సుజుకీ, కవాసాకీ, పొలారిస్ కంపెనీలతో కుదిరిన ఒడంబడికను న్యాయస్థానం ఆమోదించింది. దాని ప్రకారం కంపెనీలు మూడు చక్రాల కొత్త బళ్ళ అమ్మకం మానుకొన్నాయి. డీలర్ల వద్ద మిగిలినవాటిని వెనుకకు తీసుకొన్నాయి. హెచ్చరిక పత్రాలు అతికించడానికి, కొన్నవారికి శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకొన్నాయి. 90 సీసీలు మించిన బండిని పదహారేళ్ళలోపు వారి కోసం అమ్మరాదని, 70 నుండి 90 సీసీల బండి పన్నెండేళ్ళు నిండినవారికేనని వయోనియమం ఏర్పడింది. అయితే అప్పటికే జనం ఇళ్ళలో ఉన్న మూడు చక్రాల బళ్ళను వెనక్కు పిలిపించలేదు. అవి కొట్టాలలో అలాగే ఉండిపోయాయి. ఇప్పటికీ పాతబళ్ళ బేరాలలో ముచ్చటగా కనబడుతూనే ఉంటాయి.

ఈ ఒడంబడిక పదేళ్ళకు పరిమితం. 1998లో గడువు తీరింది. కంపెనీలు చాలా నియమాలను స్వచ్ఛందంగా కొనసాగించినా, 1997 నుండి 2001 వరకు నాలుగేళ్ళలో అత్యవసర చికిత్సకు వచ్చిన గాయాల అంచనా రమారమి రెట్టింపైంది. బళ్ళూ పెరిగాయి, నడిపేవారూ పెరిగారు. గాయాల పెరుగుదల మాత్రం ఆ రెంటినీ మించింది. అప్పటికి అమ్మకంలో ఉన్నవన్నీ నాలుగు చక్రాలవే. నాలుగో చక్రం కొంత మేలు చేసింది గాని, అది మాత్రమే రక్ష కాదని దీనివల్ల తేలింది.

ఒక చట్టం, ఒక వికటం

2008లో అమెరికా శాసనసభ వినియోగ వస్తువుల భద్రతకు కొత్త చట్టం చేసింది. అది మూడు చక్రాల కొత్త ఏటీవీల దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. అంతవరకు స్వచ్ఛందంగా ఉన్న ప్రమాణాలను తప్పనిసరి చేసింది. అదే చట్టంలో పిల్లల వస్తువులలో సీసం పరిమితి దాటరాదని మరొక నియమం ఉంది. ఆటబొమ్మలను నోట పెట్టుకొనే పసివారిని దృష్టిలో పెట్టుకొని చేసిన మంచి నియమమే. కాని పిల్లల క్వాడ్ బైకుల బ్యాటరీలోను, కొన్ని లోహపు భాగాలలోను సీసం ఉంది. ఫలితంగా 2009 ఫిబ్రవరిలో డీలర్లు పిల్లల బళ్ళను అంగళ్ళనుండి తీసివేయవలసి వచ్చింది.

ఏం జరిగిందో గమనించండి. బ్యాటరీని నాకే పిల్లవాడు ఉండడు. చిన్నబండి దొరకక నాన్నగారి పెద్దబండి ఎక్కే పిల్లవాడు ఉంటాడు. ఈ భయాన్నే పలువురు వెలిబుచ్చారు. కమిషన్ 2009 మేలో ఆ నియమం అమలును నిలిపి ఉంచింది. 2011 ఆగస్టులో శాసనసభ చట్టాన్ని సవరించి ఈ బళ్ళకు మినహాయింపునిచ్చింది. శబ్దాన్ని పట్టుకొని అర్థాన్ని విడిచిన వ్యాఖ్యానం ఎంత చేటు తెస్తుందో తెలుగు పంతులుగా నాకు తెలుసు. శాసనాలకూ అదే వర్తిస్తుందని ఇక్కడ నేర్చుకొన్నాను.

రాష్ట్రాల నియమాలు వేటికవే. మసాచుసెట్స్ రాష్ట్రం 2010లో పద్నాలుగేళ్ళు నిండనివారు ఏటీవీ నడపరాదని, కొన్ని మినహాయింపులతో, శాసించింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇంకా గట్టిగా, పదహారేళ్ళలోపు ఎవరూ వీటిని నడపరాదని చెబుతున్నది. ఆస్ట్రేలియాది మరో దారి. అక్కడ పొలాలలో క్వాడ్ తిరగబడి, దాని క్రింద నలిగి చనిపోయిన వారు ఎక్కువ. 2019లో ఆ దేశం భద్రతా ప్రమాణం ప్రకటించింది. 2020 అక్టోబరు నుండి ప్రతి కొత్త బండికీ అది ఎన్ని డిగ్రీల ఏటవాలులో తిరగబడుతుందో తెలిపే చీటీ వ్రేలాడదీయాలి. 2021 అక్టోబరు నుండి పనికి వాడే బళ్ళకు నడిపేవాని వెనుక రక్షణ కమాను ఉండి తీరాలి. ఆ కమాను వల్లనే కొత్త ప్రమాదాలు రావచ్చునని వాదించిన పెద్ద కంపెనీలు కొన్ని ఆ దేశంలో అమ్మకాలే మానుకొంటామన్నాయి. ఎవరి వాదం ఎలా ఉన్నా, కొనేవాని కంటికి తిరగబడే కోణం అంకెల్లో కనబడటం నాకు నచ్చిన సంస్కరణ.

కొనబోయేవారికి

ఇంతవరకు చెప్పినది చరిత్ర. దీనినుండి కుటుంబ విహారానికి బండి ఎంచుకొనే పద్ధతి దానంతటదే తేలుతుంది.

మొదటిది, ఆసనం పొడవు చూసి మోసపోరాదు. అది ఇద్దరు కూర్చోవడానికి కాదు. నడిపేవాడు కొండ ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనుకకు జరగడానికి. వెనుక ఒక పిల్లవానిని కూర్చోబెడితే ఆ జరిగే చోటు పోతుంది. ముందు కూర్చోబెట్టుకోవడం అంతకంటె చెడ్డది. ఇద్దరికని ప్రత్యేకంగా పొడవు పెంచి, పట్టుకొనే పిడులు, పాదాలకు చోటు అమర్చి చేసిన బళ్ళు 2000ల ఆరంభం నుండి వస్తున్నాయి. ఇద్దరు పోవాలనుకొంటే అవే కొనాలి.

రెండవది, రకం. పందెపు రకాలు తేలికైనవి, వేగమైనవి. వాటికి క్లచ్చి, గేర్లు, వెనుక చక్రాలకే శక్తి. పనిబళ్ళు బరువైనవి, నిదానమైనవి. వాటికి సామాను పెట్టుకొనే చట్రాలు, గేరు మార్చనక్కరలేని ఏర్పాటు, కోరినప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి అందించుకొనే మీట ఉంటాయి. ఎప్పుడో ఒక వారాంతంలో అడవిదారిలో తిరిగి భోజనం చేసి వచ్చే కుటుంబానికి ఈ రెండవ రకంలో 300 నుండి 450 సీసీల మధ్య బండి చాలు. ఇంకా పెద్దది కొంటే అదనంగా వచ్చేది వేగము, బరువు మాత్రమే. మీద పడితే ఆ బరువును ఎత్తవలసినది మనమే. పనిబళ్ళు పూర్తి కొలతవి 300 కిలోల వరకు, అంతకు మించి కూడా తూగుతాయి.

మూడవది, కొలత. కొనేముందు పాదపీఠాల మీద నిటారుగా నిలబడి చూడాలి. ఆసనానికీ మనిషికీ నడుమ మూడు నుండి ఆరు అంగుళాల ఎడం ఉండాలి. కూర్చొని హ్యాండిలు రెండు ప్రక్కలా పూర్తిగా తిప్పినప్పుడు చేతులు చాలాలి. బ్రేకు మీట వ్రేళ్ళకు సులువుగా అందాలి. చొక్కా కొనేటప్పుడు తొడిగి చూసుకొంటాం, ప్రాణం పెట్టే బండికి ఆ మాత్రం చూసుకోవద్దా?

నాలుగవది, పిల్లలు. ఇప్పుడు అమెరికా ప్రమాణంలో సీసీల లెక్క పోయి, వేగాన్ని బట్టి వయోవిభజన వచ్చింది. ఆరేళ్ళు నిండినవారికి, పదేళ్ళు నిండినవారికి, పన్నెండేళ్ళు నిండినవారికి, పద్నాలుగేళ్ళు నిండినవారికి వేర్వేరు తరగతులు. ఆరేళ్ళవారి బండి గంటకు 15 మైళ్ళు, పదేళ్ళవారిది 30 మైళ్ళు మించరాదు. అంతకంటె తక్కువకు బిగించి ఉంచే వేగనియంత్రణ మర కూడా ఉంటుంది. దానిని విప్పే తాళం పెద్దల వద్ద ఉండాలి. “ఎదిగే పిల్లవాడు కదా, రెండేళ్ళకు సరిపోయేది కొందాం” అన్న మన మధ్యతరగతి పొదుపు బుద్ధి చెప్పుల విషయంలో చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. ముప్ఫై కిలోల పిల్లవాడు మూడు వందల కిలోల బండిని ఒళ్ళు వంచి లొంగదీయలేడు. ముక్కాలి బండి చెప్పిన పాఠం ఇదే. పైన చెప్పిన వైద్యుల మాట కూడా మరువరాదు. ప్రమాణం అమ్మకానికి అనుమతి మాత్రమే ఇస్తుంది. ఈ పిల్లవానికి ఇవ్వవచ్చునా అన్న తీర్పు తల్లిదండ్రులదే.

ఐదవది, చిన్నపిల్లలున్న కుటుంబానికి అసలు క్వాడ్ బైకే కావాలా అని అడుగుకోవాలి. 2004 నమూనాగా యమహా ‘రైనో’ వచ్చిననాటి నుండి ప్రక్కప్రక్కన కూర్చొనే బళ్ళు, అంటే ‘సైడ్ బై సైడ్’లు, ఇంటింటి మాటయ్యాయి. స్టీరింగు చక్రం, బెల్టులు, తల మీద గొట్టాల పంజరం. ఇవీ తిరగబడతాయి. రైనోనే 2009లో మరమ్మత్తులకు పిలిపించవలసి వచ్చింది. కాని బెల్టు పెట్టుకొని, చేతులు బయటపెట్టకుండా కూర్చొన్నవారికి ఆ పంజరం కొంత ఆసరా. ఇందులోనూ పాదాలు నేలకు అందని పిల్లవానిని కూర్చోబెట్టరాదు.

ఆరవది, పాతబండి చవకగా వచ్చిందని మూడు చక్రాలదాని జోలికి పోరాదు. నాలుగు చక్రాల పాతబండి కొంటే హెచ్చరిక పత్రాలు, వేగనియంత్రణ మర, బ్రేకులు యథాతథంగా ఉన్నవో లేవో చూసుకోవాలి.

ఏడవది, హెల్మెట్టు, కళ్ళద్దాలు, చేతిజోళ్ళు, మడమలు మూసే బూట్లు బండి ధరలో భాగంగానే లెక్కించాలి. ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూటువారి వంటి శిక్షణ ఒక పూట తీసుకోవాలి. ఆ పూట ఇంటిల్లిపాదీ వెళ్ళాలి. తారురోడ్డు ఎక్కరాదు. మెత్తని టైర్లు, ఒంటి ఇరుసు మట్టికోసం పుట్టినవి. గట్టి రోడ్డు మీద అవి అనూహ్యంగా పట్టి, బండిని పడవేస్తాయి. పైగా అక్కడ కార్లుంటాయి. మరణాలలో చాలా భాగం రోడ్ల మీద జరిగినవే.

నేల మాట

బండి భద్రత చెప్పి నేల భద్రత చెప్పకపోతే కథ సగమే. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్, దారి తప్పి తిరిగే బళ్ళ వల్ల ప్రభుత్వ భూములు పాడవుతున్నాయని, వాటికి నిర్ణీతమైన దారులు కేటాయించాలని ఉత్తర్వు చేశాడు. తరువాత యూటాలో పాయూట్ దారి, పశ్చిమ వర్జీనియాలో హాట్‌ఫీల్డ్-మెకాయ్ దారులు ఈ విహారాలకు పేరుపొందాయి. ఆ రెండో పేరు ఒకప్పుడు తరతరాల పగతో కొట్టుకొన్న రెండు కుటుంబాలది. ఇప్పుడు అక్కడ కుటుంబాలు సరదాకు తిరుగుతున్నాయి. గుర్తించిన దారి విడిచి పోతే నేలా చెడుతుంది, మనిషీ చెడతాడు.

మన దేశంలో మామూలు క్వాడ్ బైకు సాధారణంగా రోడ్డుమీద రిజిస్ట్రేషనుకు నోచుకోదు. విహారస్థలాలలో అద్దెకు ఎక్కడమే ఎక్కువ. కొన్ని చోట్ల హెల్మెట్టు లేకుండా, తండ్రి ముందు ఒక పాప, వెనుక ఒక బాబు చొప్పున తిప్పడం కంటబడుతూనే ఉంది. పది నిముషాల సరదాకు ఇంత నియమమా అనుకోకండి. పడటానికి పది నిముషాలు అక్కరలేదు. సముద్రతీరాలలో మరొక సంగతి. చలికాలం చివర మన కోస్తా ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గ్రుడ్లు పెడతాయి. చక్రం వాటిని నలుపుతుంది. గ్రుడ్లు పగిలి సముద్రం వైపు ప్రాకే పిల్లలకు చక్రపు గాడి పెద్ద అగడ్త. అవీ పిల్లలే.

ఇంతకూ నా వకాలతు ఏమైందంటారా? అమ్మాయితో ఈ చరిత్రంతా చెప్పాను. మనవడికి మాత్రం ఒకటే చెప్పాను. ఆ బండిని చేసినవారు కూడా రెండు మొదలు ఆరు వరకు చక్రాలు పెట్టి చూసి, మూడు బాగున్నాయనుకొని, పద్దెనిమిదేళ్ళు అమ్మి, చివరకు నాలుగుకు వచ్చారు. పెద్ద పెద్ద ఇంజనీర్లకే అంతకాలం పట్టిన విషయంలో నువ్వు ఒక్క వేసవి ఆగితే తప్పులేదు. ముందు శిక్షణ, తరువాత బండి.

మీలో విదేశాలలో ఉంటూ ఈ బళ్ళు నడిపినవారు, అద్దెకు ఎక్కినవారు, పిల్లలకు కొనిచ్చినవారు ఉంటే మీ అనుభవాలు వ్యాఖ్యలలో వ్రాయవలసిందిగా కోరుతున్నాను. ‘చతుశ్చక్రిక’ కంటె నోటికి తేలికైన తెలుగు మాట ఎవరికైనా తట్టితే అదీ చెప్పండి. ‘నాల్గాళ్ళ బండి’ అని నాకొకటి తోచింది గాని, గుర్రం కోపగించుకొంటుందేమోనని సందేహిస్తున్నాను.

స్వస్తి.